ఎగువ నుంచి మూడోది

బైండింగ్ ఆవిడ నది ఒడ్డున చెక్క ఇల్లు కొన్నదని తెలిసినప్పుడు ఆమె అక్క అన్న మొదటి మాట, "నీకు ఈత రాదు కదే!"

నిజమే, రాదు. నదుల మీద ప్రత్యేకమైన ప్రేమ కూడా ఏమీ లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళోని కాలేజీలకూ ఆఫీసులకూ పుస్తకాలు కుడుతోంది. కాగితాల దొంతరను బల్ల మీద తట్టి సమం చేయడం, దబ్బనంతో బెజ్జాలు పొడవడం, మైనం పట్టించిన దారంతో కుట్టడం, వీపుకు జిగురు రాసి బరువు కింద పెట్టడం. పని అయిపోయాక ఎవరి పుస్తకం వాళ్ళు పట్టుకెళ్తారు. ఒకరోజు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన తన పాత బొమ్మలన్నీ ఒక పుస్తకంగా కుట్టించుకోవడానికి వచ్చాడు. వాటిలో ఒక బొమ్మ దగ్గర ఆమె చేయి ఆగింది. నీళ్ళ పక్కన, గుంజల మీద నిలబడ్డ చిన్న చెక్క ఇల్లు.

"మా నాన్న కట్టింది. అమ్మేద్దామనుకుంటున్నాను" అన్నాడు మాస్టారు.

"నాకమ్మండి" అంది. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

వానలు వెనకబట్టాక రిజిస్ట్రేషన్ అయింది. కాగితంలో 'ఎగువ నుంచి మూడవది' అని రాసి ఉంది. ఎందుకంటే ఆ ఒడ్డున అలాంటి ఇళ్ళు ఐదున్నాయి, కేకేస్తే వినపడేంత దూరంలో ఒకదాని తర్వాత ఒకటి. మిగతా నాలుగూ పాడుబడ్డాయి. ఒకదానికి కప్పు లేదు, ఒకదానికి తలుపు లేదు. మూడోది ఒక్కటే మనిషి ఉండేలా ఉంది. అరచేయంత ఇత్తడి తాళం, దానికి తగ్గ బరువైన తాళంచెవి. గట్టి తాళం కదా అని ఆమె మార్చలేదు.

అక్క ముప్పై ఏళ్ళు బస్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి రిటైరైంది. భర్త పోయాక చెల్లెలి దగ్గరే ఉంటోంది. ఇంట్లో కూడా ఆమె మాట మైకులోంచి వచ్చినట్టే ఉంటుంది. మొదటిసారి ఇల్లు చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, "నాలుగు గోడలు, ఒక కప్పు, బోలెడన్ని దోమలు. బాగుంది" అని ప్రకటించింది. అది పొగడ్తో తెగడ్తో చెల్లెలికి అర్థం కాలేదు.

అయినా ఆ చలికాలం ఇద్దరూ ప్రతి ఆదివారం వెళ్ళారు. పొద్దున్నే నది మీద మంచు ఎంత దట్టంగా ఉండేదంటే, నీళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో తెలిసేది కాదు. ఎండ ఎక్కేకొద్దీ ముందు అవతలి ఒడ్డు, తర్వాత నది, ఆఖరున ఇంటి మెట్లు కనిపించేవి. ఎండాకాలం వచ్చేసరికి నది సన్నబడి అవతలి ఒడ్డుకు జరిగిపోయింది. ఇటువైపు ఇసుక మేట బయటపడింది. అక్క ఆ ఇసుకలో కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చునేది. గుంజలకు చెద పడుతోందని గమనించింది కూడా అక్కే. ఇద్దరూ చీర కొంగులు ముక్కుకు కట్టుకుని నాలుగు రోజులు గుంజలకు తారు పూశారు. బైండింగ్ ఆవిడకు నడుం పట్టేసింది. కానీ తారు చేతులతో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఇది నాది, అనుకుంది. ఆ మాట కొత్త చెప్పులా కొంచెం కరిచింది, కొంచెం హాయిగా కూడా ఉంది.

వానలు మొదలవగానే దారిలోని వాగు పొంగి, చప్టా నీళ్ళలో మునిగిపోయింది. నాలుగు నెలలు అటు వెళ్ళడానికి లేదు. వానలు తగ్గి, చప్టా మీద బురద ఆరాక వెళ్ళి తలుపు తీస్తే ఇల్లు ఉంది. లోపల సామానంతా గాల్లో ఉంది.

కుర్చీలు రెండూ కప్పు దూలాలకు వేలాడుతున్నాయి. బకెట్టు, గిన్నెలు, చుట్టగా చుట్టిన పరుపు, అక్క గొడుగు, అన్నీ తాళ్ళతో కట్టి పైన తగిలించి ఉన్నాయి. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు మారింది. విరిగిన రెండో మెట్టు బాగుపడింది. చూరు కారే చోట రేకు ముక్క కొట్టి ఉంది. ఒక్క వస్తువూ పోలేదు.

అక్కాచెల్లెళ్ళు తలలు పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"దొంగలు పడ్డారేమోనే" అంది చెల్లెలు.

"దొంగలైతే ఎత్తుకెళ్తారు గానీ, ఎత్తి తగిలిస్తారటే?" అంది అక్క.

తాళం పగలలేదు. కిటికీలు లోపలి నుంచి గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బైండింగ్ ఆవిడ మాస్టారికి ఫోన్ చేసింది. "నేను అటు వెళ్ళి ఆరేళ్ళయిందమ్మా. మీరే కట్టి మర్చిపోయారేమో. నది గాలికి మతిమరుపొస్తుందని మా నాన్న అనేవాడు" అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసి, ఒకవేళ నిజంగా తానే కట్టిందేమోనని నిచ్చెన ఎక్కి ముళ్ళు చూసింది. అవి ఆమెకు రాని ముళ్ళు. బతుకంతా దారంతో గడిపిన మనిషికి ముడి అబద్ధం చెప్పదు. అవి బరువులు మోసే మనిషి వేసిన ముళ్ళు. ఆ మాట అక్కకు చెబితే, "దయ్యాలు కూడా బరువులు మోస్తాయి. వాటికి మాత్రం పనుండదా?" అంది.

ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఆమెకు స్థిమితం లేదు. టీ తాగుతూ తాగుతూ వెనక్కి తిరిగి చూసేది. మంచాన్ని మళ్ళీ కిటికీ వైపు జరిపింది, పడుకుంటే నిద్ర పట్టలేదు. బాగుపడిన మెట్టు మీద కాలు పెట్టినప్పుడల్లా ఎవరికో థాంక్స్ చెప్పాలేమో అనిపించేది, వెంటనే ఒళ్ళు మండేది. నా మెట్టు బాగు చేయడానికి వాడెవడు? వానలకు ముందు ఆఖరి ఆదివారం, చిన్న నోటుబుక్కు ఒకటి శుభ్రంగా కుట్టి, నీలం క్యాలికో గుడ్డతో అట్ట వేసి, మొదటి పేజీలో 'ఎవరండీ మీరు?' అని రాసి బల్ల మీద పెట్టి వచ్చింది.

నాలుగు నెలల తర్వాత వెళ్తే నోటుబుక్కు కూడా దూలానికి వేలాడుతోంది, ప్లాస్టిక్ సంచిలో. కింద జవాబు ఉంది. అక్షరాలు పెద్దవి, ఒత్తి రాసినవి.

'నేను ఇంటి ఓనరుని. మీరు పనిమనిషి అనుకుంటా. ఊడ్చి శుభ్రంగా ఉంచుతున్నారు, సంతోషం. మంచం కిటికీ వైపు పెట్టకండి, వరదొస్తే ముందు తడిసేది ఆ మూలే. ఏమైనా కావాలంటే దిగువన ఇటుకల బట్టీలో మేస్త్రిని అడగండి. నేనే.'

అక్క అది రెండుసార్లు పైకి చదివింది, రెండోసారి పూర్తి మైకు గొంతుతో. 'పనిమనిషి అనుకుంటా' దగ్గర నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. చెల్లెలికి నవ్వు రాలేదు. రిజిస్ట్రేషన్ కాగితాన్ని చేతిసంచిలో పెట్టుకుని ఆ మర్నాడే బట్టీకి బయల్దేరింది.

బట్టీ ఆమె ఊహించినట్టు లేదు. పొగగొట్టం చుట్టూ మట్టి కప్పిన పొడవాటి దిబ్బ, దాని కడుపులో మంట. పైన వరసగా ఇనప మూతలు. యాభై దాటిన మనిషి ఒకడు చెక్క చెప్పులు వేసుకుని, కొక్కెంతో ఒక్కో మూతా ఎత్తి, గరిటెడు బొగ్గుపొడి లోపలికి జారవిడిచి, మళ్ళీ మూస్తున్నాడు.

"నది ఒడ్డు చెక్క ఇంట్లో సామాన్లు తగిలించేది మీరేనా?" అని ఆమె కింద నుంచి అరిచింది.

ఆయన కొక్కెం దించి, కళ్ళు చికిలించి చూశాడు. "ఓ, పుస్తకం అమ్మగారా! ఉండండమ్మా, పైకి రాకండి, కాళ్ళు కాల్తాయి."

దిగివచ్చాక ఆయన మొదట చేసిన పని క్షమించమనడం. "పనావిడనుకున్నానమ్మా, కోప్పడకండి. మా నర్సమ్మగారు మనిషిని పెట్టి ఊడిపిస్తున్నారనుకున్నాను. ఇల్లు అమ్మేశాక కూడా చూసుకుంటోంది, ఎంత మంచి మనసో అని బట్టీలో అందరికీ చెప్పాను."

"నర్సమ్మ ఎవరు?"

"ఆసుపత్రిలో నర్సు. నాకు అమ్మినావిడ."

"నాకు అమ్మింది డ్రాయింగ్ మాస్టారు."

"ఆయనెవరు?"

మేస్త్రి తన గదిలోకి వెళ్ళి రేకు పెట్టెలోంచి కాగితం తెచ్చాడు. అదే సంవత్సరం, అదే ఆఫీసు, అదే గుండ్రటి ముద్ర. 'దిగువ నుంచి మూడవది' అని ఉంది.

"చూశారా? మీది వేరు, నాది వేరు" అంది ఆమె, ప్రాణం లేచొచ్చినట్టయి.

"అక్కడ ఇళ్ళు ఎన్నమ్మా?"

"ఐదు."

మేస్త్రి చేయి చాపి వేళ్ళు విప్పాడు. బొటనవేలి నుంచి ఒకటి, రెండు, మూడు అన్నాడు. చిటికెనవేలి నుంచి ఒకటి, రెండు, మూడు అన్నాడు. రెండుసార్లూ నడిమివేలి దగ్గరే ఆగాడు. మసి అంటిన ఆ వేలి వంకే ఇద్దరూ చూశారు.

సంగతి మెల్లగా తేలింది. బట్టీ పని ఎండలున్నంత కాలమే. వానలు పడితే మంట ఆర్పేస్తారు, మేస్త్రికి నాలుగు నెలలు ఖాళీ. ఆయన దిగువ నుంచి కరకట్ట మీదుగా నడిచి వస్తాడు, ఆ దారికి వాగు అడ్డం రాదు. ఆమె ఎగువ నుంచి చప్టా మీదుగా వస్తుంది, అది వానల్లో మునుగుతుంది. ఒకరు వచ్చే కాలంలో ఇంకొకరు రాలేరు. పాత యజమాని ఆ ఇత్తడి తాళానికి రెండు చెవులు చేయించి, ఒకటి కొడుక్కి, ఒకటి కూతురికి ఇచ్చాడు. డ్రాయింగ్ మాస్టారూ నర్సమ్మా అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకు మాటల్లేక పదేళ్ళయింది.

మాస్టారి ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆయన తెల్లకాగితం తీసుకుని ఆరు డబ్బాలు గీశాడు. "నాన్న కట్టింది ఆరు. ఎగువ మూడు నాకు, దిగువ మూడు దానికి అని విల్లు రాశాడు. తర్వాత పెద్ద వరదొచ్చి నడి మధ్యనున్న రెండింట్లో ఒకటి కొట్టుకుపోయింది. పోయింది దానిది." నాలుగో డబ్బాను రబ్బరుతో తుడిచేశాడు. "మిగిలింది నాది. నేను అమ్మాను."

"పోయింది మీది కాదని ఎలా తెలుసు? ఖాళీ ఎటువైపు ఉందో చూస్తే తెలుస్తుంది కదండీ" అంది బైండింగ్ ఆవిడ.

మాస్టారు కాస్త నీళ్ళు నమిలాడు. మిగిలిన ఇల్లు కూడా ఆ వరదకు గుంజల మీద నుంచి లేచి, సుడిలో పడి ఎగువకూ దిగువకూ తిరిగి, రెండింటి స్థలాలకూ సరిగ్గా మధ్యలో ఆగిందట. ఆయన తండ్రి దాన్ని వెనక్కి జరిపించలేక, ఆగిన చోటే కొత్త గుంజలు వేయించాడట. అన్నీ ఒకే అచ్చున కట్టినవే. తలుపు చూసి పోల్చుకోవడానికి లేదు.

నర్సమ్మ ఆసుపత్రి వరండాలో, డ్యూటీ మారే సమయానికి దొరికింది. మందుల చీటీ వెనక ఆరు గీతలు గీసి, మూడో గీతను అడ్డంగా కొట్టేసింది. "పోయింది మా అన్నది. నాన్న నాతో స్వయంగా చెప్పాడు" అంది.

"మీ అన్నగారితో కూడా ఆయన స్వయంగానే చెప్పారటండీ" అన్నాడు మేస్త్రి.

"మా నాన్న ఎవరి మనసూ నొప్పించేవాడు కాదు" అంది ఆవిడ. ఆ మాటతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. బల్ల మీద ఆరు గుండుసూదులు వరసగా పేర్చాడు. ఒకటి తీశాడు, ఒకటి జరిపాడు, మళ్ళీ పెట్టాడు. పక్క సీటాయన కూడా కుర్చీ లాక్కుని వచ్చాడు. కాసేపటికి ఇద్దరూ గుండుసూదుల గురించి పోట్లాడుకున్నారు.

"రెండు కాగితాలూ కరెక్టే" అన్నాడు గుమాస్తా చివరికి.

"ఇల్లు ఒకటే కదండీ."

"ఇల్లు తప్పు. కాగితాలు కరెక్టే."

"పోనీ, ఇద్దరి పేరిటా కలిపి రాయడానికి లేదా?" అని బైండింగ్ ఆవిడ అడిగింది. ఆ మాట కూడా అనుకోకుండానే వచ్చింది. మేస్త్రి ఆశ్చర్యంగా చూశాడు.

గుమాస్తా తల గోక్కున్నాడు. రాయాలంటే ఒకరు ఇంకొకరికి సగం అమ్మాలి. అమ్మాలంటే ముందు ఇల్లు తనదై ఉండాలి. తనదని తేలిపోతే రెండో వాళ్ళకు ఎందుకు అమ్ముతారు? "ఎవరు ఎవరికి అమ్ముతారో మీరే తేల్చుకుని రండి" అని కాగితాలు మడిచి ఇచ్చేశాడు. కోర్టుకెళ్తే పదేళ్ళు పడుతుందని, అప్పటికి ఇంకో వరద వచ్చి మొత్తం తేల్చేస్తుందని పక్క సీటాయన సలహా ఇచ్చాడు.

బయట మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. తిట్టుకోవడానికి మనిషి కనిపించలేదు. మోసపోయామందామంటే మోసం చేసినవాడు లేడు. మేస్త్రి మీద కోపం తెచ్చుకోవాలని ఆమె గట్టిగానే ప్రయత్నించింది. ఆయన మాత్రం, "బస్సు ఎండలో ఆగుతుందమ్మా, ఇలా నీడలోకి రండి" అన్నాడు.

ఆ చలికాలం, ఆ తర్వాతి ఎండలు ఆమెకు వింతగా గడిచాయి. ఆదివారాలు వెళ్తూనే ఉంది. కానీ గోడకు మేకు కొడదామని సుత్తి ఎత్తితే చేయి ఆగిపోయేది, ఎవరినడిగి కొడుతున్నాను? మళ్ళీ అంతలోనే, నా ఇంట్లో మేకు కొట్టడానికి ఒకరినడిగేదేమిటి? సుత్తి పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయేది. మంచాన్ని ఆయన చెప్పిన గోడకు జరిపింది, తర్వాత రోషం వచ్చి కిటికీ దగ్గరికి లాగింది, ఆఖరికి గది నడుమ వదిలేసింది. అక్క దాని చుట్టూ తిరిగి వెళ్ళలేక రెండుసార్లు మోకాలు కొట్టుకుంది.

"ఇది మంచమా, కూడలిలో విగ్రహమా?" అంది. తర్వాత కొంచెం మెత్తగా, "ఇంతకీ నీకేం కావాలే? ఇల్లు కావాలా, గెలుపు కావాలా?" అని అడిగింది.

"తెలియడం లేదక్కా."

"తెలియకపోతే తెలియదనే ఉండు. ముందు మంచం మాత్రం జరుపు."

వానలు మొదలైన పది రోజులకు మేస్త్రి ఫోన్ చేశాడు. కరకట్ట దారి బాగానే ఉందని, బస్సులో బట్టీ దాకా వస్తే తాను ఎదురొస్తానని, ఒక్కసారి వానలో ఇల్లు చూసిపొమ్మని అన్నాడు. "మీరూ కొనుక్కున్నారు కదమ్మా. సగం కాలం చూడనే లేదాయె" అన్నాడు.

అక్కాచెల్లెళ్ళు రెండు గొడుగులతో దిగారు. ముందు రోజు కురిసిన వానకు ఎక్కడో కట్ట కోసుకుపోయే ప్రమాదం ఉందని మేస్త్రిని అటు పిలిచారట. ఆయన ఎదురు రాలేదు, మీరు నడుస్తూ ఉండండి వచ్చేస్తానని కబురు పెట్టాడు. కరకట్ట మీద మూడు మైళ్ళు. కుడివైపు నది. ఆమె దాన్ని గుర్తుపట్టలేదు. ఎండల్లో అక్క కుర్చీ వేసుకున్న ఇసుక మేట లేదు, కొంగలు నిలబడే రాళ్ళు లేవు, అవతలి ఒడ్డే లేదు. ఎర్రటి నీళ్ళు, వేగంగా, మొద్దులనూ తీగలనూ మోసుకుంటూ పోతున్నాయి. ఆ నీళ్ళకు ఒక హోరు ఉంది, మనిషి మాట్లాడటానికి ముందు గొంతు సవరించుకుంటాడే, అలాంటిది. ఎంతసేపైనా ఆ మాట మాత్రం రాదు.

ఇంటి దగ్గరకు వచ్చేసరికి తాళం తీసి ఉంది. లోపల ఎవరో మసులుతున్న చప్పుడు. బైండింగ్ ఆవిడ మెట్లెక్కి తలుపు ముందు ఆగిపోయింది. తలుపు తట్టాలా, తోసుకుని వెళ్ళాలా? తడితే నాది కాదని ఒప్పుకున్నట్టు. తోస్తే మరొకరి ఇంట్లో దూరినట్టు. చేయి సగం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. వాన మెడ మీద పడుతోంది.

"ఏమే, తలుపా అది, పరీక్ష పేపరా?" అని అక్క ఆమెను తప్పించి, తలుపు తోసి, లోపలికి కేకేసింది. "వచ్చాం, టీ పెట్టండి!"

లోపలున్నది మేస్త్రి భార్య. ఆవిడ పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించి ఉంచింది. బక్కపల్చటి మనిషి, తక్కువ మాటలు. తడిసిన చీరలు ఆరేయడానికి తాడు చూపించింది. బైండింగ్ ఆవిడ కుట్టిన నీలం నోటుబుక్కును తీసి, "ఇది మీరు చేసిందేనటగా. మా ఆయన ఆ నాలుగు ముక్కలు రాయడానికి రెండు రోజులు ఆలోచించాడు" అంది.

మధ్యాహ్నానికి మేస్త్రి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. పలకరింపులు లేవు. "పైన ఆనకట్ట గేట్లు ఎత్తారట. సాయంత్రానికి నీళ్ళు మెట్ల దాకా వస్తాయి. భయపడకండి, కానీ చేతులు కావాలి" అన్నాడు.

బట్టీ నుంచి తెచ్చిపెట్టిన ఇనప తీగతాడు చుట్ట ఒకటి మంచం కింద నుంచి లాగాడు. గుంజలకు ఆయన బిగించిన కొక్కేలను ఆమె రెండేళ్ళుగా చూస్తూనే ఉంది, బట్టలారేసుకోవడానికి అనుకుంది. ఆ తీగతాడును కొక్కేల్లోంచి దూర్చి, ఒడ్డు మీద లోతుగా పాతిన కాంక్రీటు దిమ్మకు రెండు చుట్లు చుట్టి బిగించారు. ఆ దిమ్మ ఆయనే వేశాడట, మొదటి ఏడాది. ఆమె తాడు కొస పట్టుకుంది. ఆయన ముడి వేస్తుంటే చూసింది, దూలాలకు చూసిన ముడే. రెండోది తనే వేసింది. ఆయన లాగి చూసి తలూపాడు.

తర్వాత సామాన్లన్నీ పైకి ఎత్తారు. కుర్చీలు, పరుపు, గిన్నెలు. అక్క తన గొడుగు తానే తగిలించింది. పొద్దు వాలేలోపు నీళ్ళు రెండో మెట్టుకు చేరాయి. నేల పలకల కింద నుంచి చల్లదనం పాదాలకు తెలిసింది. ఒకసారి పెద్ద మొద్దు ఏదో వచ్చి గుంజను గుద్దింది. ఇల్లు మొత్తం ఒక పక్కకు కదిలి, తీగతాడు మూలిగి, మళ్ళీ నిలబడింది. బైండింగ్ ఆవిడ మేస్త్రి భార్య చేయి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

"ప్రతి ఏడూ ఇంతేనా?" అని అడిగింది.

"ఈసారి నయం" అంది ఆవిడ.

అంటే మొదటి ఏడాది వానల్లోనే ఈ ఇల్లు పోవలసింది. తాను ఊళ్ళో దీపం కింద కూర్చుని ఎవరి పరిశోధన పుస్తకానికో బంగారు అక్షరాలు అద్దుతున్న రోజుల్లో, ఈయన ఇక్కడ నడుముకు తాడు కట్టుకుని దీన్ని పట్టుకున్నాడు. అయితే ఇల్లు ఎవరిది? ఆ మాటే అడగాలని నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. "అలా గొప్పలు పోకండి. గుంజలకు చెద పడితే తారు పూసింది మేం! లేకపోతే మీ తాడు దేనికి కట్టేవాళ్ళు?"

"ఆ తారు మీరా పూసింది!" అన్నాడు మేస్త్రి. "మా ఆవిడ పూయించిందనుకున్నాను."

"నేను మీరు పూశారనుకున్నాను" అంది ఆయన భార్య.

తెల్లారేసరికి నీళ్ళు ఒక మెట్టు దిగాయి. నలుగురూ నిలబడే టీ తాగారు, కుర్చీలు పైనే ఉన్నాయి కాబట్టి. కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత కూడా ఏదీ తేలలేదు. మాస్టారూ నర్సమ్మా ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. గుమాస్తా బదిలీ మీద వెళ్ళాడు. కొత్తాయన కాగితాలు చూసి, గుండుసూదులు తెప్పించుకున్నాడు. బైండింగ్ ఆవిడ దగ్గరకు వచ్చేవాళ్ళెవరైనా "మీకు నది ఒడ్డున ఇల్లుందటగా" అంటే, ఆమె ఉందని సగం తలూపి, లేదని సగం తిప్పి, జిగురు గిన్నె మూత వెతుక్కుంటుంది.

మరుసటి ఎండాకాలం, బట్టీలో ఇటుకలు మార్చే రెండు రోజుల విరామంలో, మేస్త్రి మొదటిసారి చప్టా మీదుగా వచ్చాడు. మెట్లు దిగి, ఇసుక మీద నిలబడి, నది కోసం వెతికాడు. అది దూరంగా, సన్నగా, పారుతోందో లేదో తెలియనట్టుంది. ఆయన లుంగీ పైకి దోపుకుని నీళ్ళలోకి నడిచాడు. సగం దాకా వెళ్ళినా మోకాలు తడవలేదు. కిందకు చూశాడు, ఇంటి వైపు చూశాడు, మళ్ళీ కిందకు చూశాడు. ఇన్నేళ్ళూ తాడు కట్టుకుని పోట్లాడింది దీనితోనేనా అన్నట్టు, మోసపోయిన మొహం పెట్టాడు.

"అమ్మా!" అని అక్కడి నుంచి కేకేశాడు. "ఇది మన నదేనా?"

అక్క ఇసుకలో కుర్చీ సర్దుకుంటూ, "జవాబు చెప్పవే, నిన్నే అడుగుతున్నాడు" అంది.

బైండింగ్ ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఈత రాకపోయినా, ఆయన నిలబడ్డ చోటుకు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళింది.